మూడువందల పన్నెండోసారి

ఇవాళ కూడా అతన్ని చంపాను.
కాఫీ చల్లారకముందే ఒకసారి,
మెట్ల మీంచి నెట్టి ఒకసారి,
తలుపు సందులో ఇరుక్కుంటాడేమో చూడమన్నారని
తలుపు సందులో నాలుగుసార్లు.

కటోవిత్సెలో ఒకప్పటి జింకు కార్ఖానా మా ఆఫీసు.
కిటికీ అవతల మంచు బూడిదరంగులోనే పుడుతుంది.
నా పని ఆట ఆడటం కాదు,
ఆట ఎక్కడ చిరుగుతుందో వేలు పెట్టి చూడటం.
చచ్చినవాడి చెయ్యి నేలలోంచి పొడుచుకొస్తే రాసుకోవాలి.
చచ్చాక కూడా రెప్ప ఆడిస్తే రాసుకోవాలి.
ఎందుకు చచ్చాడన్నదానికి
నా కాగితంలో గడి లేదు.

అతని పేరు కాల్వెర్. ఉప్పుకోట ప్రభువు.
మొదట కొమ్ములు పెడదామన్నారట.
బొమ్మలు గీసే లుద్వికా ఒప్పుకోలేదు,
క్షవరం చేసుకుంటూ తెగ్గోసుకున్న
వాళ్ళ నాన్న గడ్డం తెచ్చి పెట్టింది.

నేరం:
మహమ్మారి సోకిన బెలింటా నగరానికి
బయటినుంచి తాళం వేయించాడు.
లోపల ఏడువేలమంది.
వాళ్ళలో జబ్బు లేనివాళ్ళెందరో ఆట చెప్పదు.
బయట పదహారు ఊళ్ళు మాత్రం
ఆ ఏడు గోధుమ కోసుకున్నాయి.
ఆ గోధుమ రొట్టె తింటే
నా వీరుడికి పాతిక పాయింట్ల ప్రాణం పెరుగుతుంది.

కత్తి దించేముందు అతన్ని నాలుగు మాటలు అడగొచ్చు.
వరస మార్చి మార్చి అడిగాను.
ఒక్కచోట మాత్రం ఎదురడుగుతాడు:
"నువ్వైతే ఏం చేసేవాడివి?"
నాకు మూడు జవాబులిచ్చారు.
చంపుతాను. క్షమిస్తాను. మౌనం.
ఏది నొక్కినా చివరికి కత్తే దిగుతుంది.

మా మెట్లమీద, మూడో అంతస్తులో
గెరార్డ్ కోట్సుర్ అనే ఇంజనీరు ఉండేవాడు.
గనిలో నిప్పంటుకున్న రాత్రి
సొరంగానికి అడ్డంగా గోడ కట్టమన్నది ఆయనే.
గోడకి ఇవతల రెండువందల పైచిలుకు,
అవతల పదకొండు.
ఇటుకలందించినవాళ్ళలో మా తాత ఉన్నాడు.
ఆ సంగతి మా ఇంట్లో
ఉప్పెక్కువైన పులుసు,
ఎవరూ పైకి అనరు, ఎవరూ మింగరు.
అవతలినుంచి తట్టిన చప్పుడు వినబడిందా
అని ఒకసారి అడిగాను.
తాత రేడియో పెంచాడు.

ఇంజనీరు ఎదురైతే అమ్మ నా చెయ్యి పట్టుకుని
గోడవైపు లాగేది.
చలికాలం ప్రతి శుక్రవారం
వలెస్కా గుమ్మం ముందు ఒక బొగ్గు బస్తా ఉండేది.
ఆ పదకొండుమందిలో ఒకడు ఆమె పెనిమిటి.
తెల్లారి తలుపు తీసి
బస్తాను ఒక్క తన్ను తన్నేది.
తర్వాత లోపలికి ఈడ్చుకునేది.
ఆమె పొగగొట్టం
మా అందరికంటే ముందే రాజుకునేది.

మూడువందల పన్నెండోసారి
వేలు నొప్పెట్టింది.
కత్తి ఒరలో పెట్టి టీకి వెళ్ళాను.
బ్రోనెక్ తన విడాకుల కథ ఎత్తుకున్నాడు, ఆలస్యమైంది.
తిరిగొచ్చేసరికి
కాల్వెర్ సింహాసనం కింది మెట్టుమీద కూర్చునున్నాడు.
అలా కూర్చోమని ఎవరూ రాయలేదు.
ఒక చెయ్యి సగం మోకాల్లోకి దూరిపోయింది.
తల తలుపువైపు తిరిగి ఉంది,
ఎవరో తడుతుంటే
విననట్టు ఉండటం చేతకానివాడిలా.

పాపం, అన్నాను పైకే.
చేసిందాన్నా, చేసినవాణ్నా,
తెలియలేదు.

లోపాల పట్టికలో రాయాలి:
పద్నాలుగు నిమిషాలు కదలకుండా వదిలేస్తే
విలన్ కూర్చుంటున్నాడు. తీవ్రత తక్కువ.
రాస్తే రేపు ఎవరో లేపి నిలబెడతారు.
ఐదింటికి రాశాను: మళ్ళీ చేసి చూస్తే జరగలేదు.
మళ్ళీ చేసి చూడలేదు నేను.

రేపు మరో ముప్ఫైసార్లు చంపాలి.
చంపుతాను కూడా, జీతం దానికే.
రాత్రికి హీటరు ఆపడం ఈ వారం నా వంతు.
ఆపకుండా వచ్చేశాను.